అత్తను గుర్తుపట్టని ఫోను

మా మేనత్త రంగురాళ్ల గోతిలో దిగి తవ్వే మనిషి. పలుగు పట్టుకుని దిగిందంటే, పైకొచ్చేసరికి కళ్లు తప్ప ఇంకేమీ కనిపించవు. అయినా ఆవిడ తవ్విన సంచులన్నీ ఇన్నేళ్లూ మరిది పేరునే వెళ్లాయి. ఆ మహానుభావుడు చేసేదేమిటయ్యా అంటే, గట్టున కూర్చుని ఈల వేయడం.

ఇంతలో కొనే కంపెనీవాళ్లు ఫోనులో ఒక యాప్ పెట్టారు. ఎవరు తవ్వారో తేలందే రాయి కొనరట. తవ్వినవాళ్లు సంచి పక్కన నిలబడి ముఖం చూపిస్తే, ఫోను గుర్తుపట్టి పేరు పైకి చదువుతుంది. సంచి వాళ్ల పేరున ఎక్కుతుంది. అత్త ఎగిరి గంతేసింది. ఫోటో అన్నాక ఊరికే దిగుతామా! తలంటుకుని, పౌడరు దట్టించి, కాటుక పెట్టుకుని, మా అమ్మ గొలుసు అరువు తెచ్చుకుని మరీ నమోదు చేయించుకుంది.

మర్నాడు మట్టిముఖంతో నిలబడితే ఫోను ససేమిరా అంది.

"నీ మొహం మండ! నిన్ననే కదే అంత ముస్తాబై కనిపించాను!" అని అత్త దాని మీద విరుచుకుపడింది.

ఇక సంచి సంచికీ స్నానం, పౌడరు, కాటుక. జల్లెడ పట్టుకోవాల్సిన నేను అద్దం పట్టుకుని నిలబడేదాన్ని. ఖర్మ!

మరిదికి ఒళ్లు మండిపోయింది. తనిఖీకి వచ్చినాయన చెవిలో ఊదాడు. "ఆ నిగనిగ చూడండి సార్. ఈవిడా తవ్వేది?"

ఆయన ఫోటోలన్నీ తిరగేశాడు. "ఎవరో తవ్వితే మీరు ఎక్కించుకుంటున్నట్టుందమ్మా. మీ పేరు తీసేయాల్సి వస్తుంది."

అత్తకు ఏడుపు తన్నుకొచ్చింది. ఆ వెనకే కోపమూ వచ్చింది. "దిగండి సార్, మీరే చూద్దురు గాని!" అని ఆయన్ను గోతిలోకి లాక్కుపోయింది.

ఆవిడ తవ్వుతుంటే ఆయన కళ్లారా చూశాడు. మట్టంతా ఆయన మీదే పడింది. పైకొచ్చి, "ఒప్పుకుంటున్నాను తల్లీ, ఇప్పుడే రాసేస్తాను" అని తన ఫోను ఎత్తాడు. అది తెరుచుకోలేదు. కళ్లజోడు తీసి చూపించాడు. ఊహూఁ.

"నేనేనే బాబూ!" అని దాన్ని బతిమాలాడు.

మేమంతా పడీ పడీ నవ్వాం. అత్త మాత్రం నవ్వలేదు. "నాకూ రోజూ ఇలాగే ఉంటుంది సార్" అంది.

ఆయన నంబరు కొట్టి ఫోను తెరిచి, ఆ మట్టితోనే అత్తకు కొత్త ఫోటో తీసి, సంచి పక్కన నిలబెట్టాడు. ఫోను ఆవిడ పేరు గట్టిగా చదివింది. గట్టు మీద ఈల ఆగిపోయింది.

"ఇంకోసారి చెప్పించండి సార్" అంది అత్త.