చెప్పలేదని అనకున్రి

గోదావరిఖనిలో ఎయిటింక్లైన్ కాలనీకి వెళ్లి, జాకెట్లు కుట్టే రమ ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. నలభై రెండేళ్ల మనిషి. భర్త రఘుపతి బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ముందుగదిలో కుట్టుమిషను, గోడ నిండా తగిలించిన జాకెట్లు. ఒంటి కొలత తీసే ముందు టేపు చేతిలో పట్టుకుని, "పెట్టొచ్చా?" అని అడగడం రమకు అలవాటు. కొత్తగా వచ్చినవాళ్లు నవ్వుతారు. రమ మాత్రం వాళ్లు ఊఁ అనేదాకా ఆగుతుంది.

నిరుడు మే నెలలో, అదే వీధి చివర ఉండే శోభ తన కూతురు సంతోషిని వెంటబెట్టుకుని వచ్చింది. పదో తరగతి అప్పుడే పాసైన పిల్ల.

"దీనికేమైందో రమక్కా, ఉన్న డ్రెస్సులన్ని లూజు చెయ్యమంటది. కొత్తదానికి చేతులు మణికట్టు దాక కావాల్నట. గింత ఎండల ఉడికిపోదా?"

రమ టేపు తీసింది. "పెట్టొచ్చా బిడ్డా?"

సంతోషి గోడకు జరిగింది. "వద్దత్తా. ఆది డ్రెస్ తెచ్చిన. దాన్ని చూసి కుట్టు."

ఆ జరగడం రమకు తెలుసు. టేపు చుట్టి సొరుగులో పడేసింది. లైనింగు గుడ్డ తెమ్మని శోభను లక్ష్మీనగర్ బజారుకు పంపింది. పిల్లకు ఎదురుగా కూర్చోకుండా మిషను వైపు తిరిగి, సూదిలో దారం ఎక్కిస్తూ మొదలుపెట్టింది.

"నీ అంత ఉన్నప్పుడు నాకొకటైంది బిడ్డా. నేను చెప్త. నువ్వు ఇనాలెనని లేదు. నువ్వేమన్న చెప్పాలెనని అసలే లేదు."

రమ పుట్టి పెరిగింది రామకృష్ణాపూర్‌లో. పదిహేనేళ్లప్పుడు ఒకనాడు మధ్యాహ్నం, పక్క క్వార్టరులో గిన్నె ఇచ్చిరావడానికి వెళ్లింది. ఇంట్లో ఆ ఇల్లాలు లేదు. తండ్రితో కలిసి డ్యూటీకి పోయే ఆ ఇంటాయన ఉన్నాడు. రమ అతన్ని కాకా అని పిలిచేది. అతను తలుపు గడియ పెట్టాడు. పిల్లను చెరిచాడు.

ఇంటికొచ్చి తల్లి ఐలవ్వకు అంతా చెప్పింది, పేరుతో సహా. ఐలవ్వ కూతురి నెత్తిన చెంబుల కొద్దీ నీళ్లు గుమ్మరించి, "పానం పోయినా నోరిప్పకు. మీ నాయినకు తెలిస్తే ఆణ్ని సంపి జైలుకు పోతడు" అంది. పెళ్లయ్యాక రమ మొగుడికి చెప్పింది. రఘుపతి మూడు రోజులు సరిగా అన్నం తినలేదు. నాలుగో రోజు, "నాకు చెప్పినవ్, మంచిదే. ఇగ మల్ల ఎవలకు చెప్పకు" అన్నాడు. అది ప్రేమో భయమో రమకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఇవన్నీ చెప్పింది గానీ ఆ మనిషి పేరు మాత్రం సంతోషికి చెప్పలేదు.

"అత్తా, నర్సింగం తాత ఇంటి ముంగట్నుంచి పోయేటప్పుడు నువ్వు కొంగు తల మీదికి లాక్కుంటవు. నేను సూసిన" అంది సంతోషి. "ఆయనేనా?"

రమ చేతిలో దారం ఆగిపోయింది. నర్సింగం బదిలీ మీద గోదావరిఖని వచ్చి, ఎక్కడా చోటు లేనట్టు ఈ వీధిలోనే దిగాడు. రిటైరై కుల సంఘం పెద్దయ్యాడు. ఏ పెళ్లికి పోయినా ముందు వరుస కుర్చీ అతనిదే. ఇరవై ఏళ్లుగా రమ ఆ గుమ్మం ముందు నుంచి తలవంచుకునే నడిచింది.

"ఆయనే" అంది.

అప్పుడు సంతోషి చెప్పింది. మొదటి నుంచి కాదు. చివర జరిగింది ముందు చెప్పింది, మధ్యలోది వదిలేసింది, మళ్లీ వెనక్కి వచ్చింది. ఫోనులో మెసేజీలు చదివిపెట్టమని నర్సింగం ఇంట్లోకి పిలిచేవాడట. ఎందుకు పోయావని రమ అడగలేదు. ఎప్పుడని, ఎన్నిసార్లని అడగలేదు. పిల్ల ఆగినప్పుడల్లా తనూ ఆగింది.

"నమ్మిన బిడ్డా. తప్పు నీది కాదు. ఇగ ఎవలకు చెప్పాల్నో నువ్వే చెప్పు. నేను పక్కన ఉంట."

"అమ్మకు" అంది సంతోషి.

శోభ గుడ్డతో తిరిగొచ్చాక ఆ గదిలోనే విన్నది. విని కూతుర్ని పట్టుకుని కూలబడింది. కానీ ఠాణాకు పోదామంటే సంతోషి తండ్రి ముత్యం ఒప్పుకోలేదు. సంఘంలో పెడితే పెద్దలే న్యాయం చేస్తారని అతని నమ్మకం. ఆ ఆదివారం పొద్దున సంఘం హాలులో ముప్పై మంది మగవాళ్లు కూర్చున్నారు. నర్సింగం తెల్లబట్టల్లో వచ్చి తన కుర్చీలోనే కూర్చున్నాడు.

సదయ్య అనే పెద్దమనిషి గొంతు సవరించుకున్నాడు. "పిల్లను లోపటికి పిలువున్రి. ఏం జరిగిందో అందరి ముందట చెప్పాలె గదా."

సంతోషి చెయ్యి పట్టుకుని గుమ్మంలో నిలబడిన రమ కదల్లేదు. "పిల్ల ఇక్కడ చెప్పది. అది చెప్పాల్సినకాడ చెప్తది. నేను నాది చెప్పెతందుకు వచ్చిన."

"నీదేందమ్మా?"

"నర్సింగం నన్ను పదిహేనేండ్లప్పుడు చెరిచిండు. రామకృష్ణాపూర్‌ల, ఆయన క్వార్టర్ల, పట్టపగలు."

హాలులో కుర్చీలు కిర్రుమన్నాయి. నర్సింగం నవ్వబోయాడు. "దీనికి చిన్నప్పట్నుంచే మతి సక్కగ లేదు" అన్నాడు. ఎవరూ అతనితో కలిసి నవ్వలేదు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే మరి?" అన్నాడు సదయ్య.

"చెప్పలేదని అనకున్రి సదయ్యన్నా. చెప్పిన. మా అవ్వకు చెప్పిన, నా పెనిమిటికి చెప్పిన. ఇనెటోళ్లు లేకుండె."

"అసలేం చేసిండు? తీరుగ చెప్తెనే గదా మాకు తెలిసేది."

"చేసింది ఆయన. ఆయన్నడుగున్రి. నా ఒంటి మీద మీకు పంచాయితి లేదు." రమ సంతోషిని దగ్గరికి తీసుకుంది. "సిగ్గు పడేది నేను కాదు, ఈ పిల్ల కాదు. మేం ఠాణాకు పోతున్నం. వచ్చెటోళ్లు రాండ్రి."

ముత్యం ఒక్కడే లేచి వాళ్ల వెంట నడిచాడు.

పిల్ల వాంగ్మూలం ఠాణాలో కాదు, రమ ఇంట్లో తీసుకున్నారు. మామూలు బట్టల్లో వచ్చిన మహిళా ఎస్సై పక్కనే కూర్చుని రాసుకుంది. రమ తనదీ రాసుకొమ్మంది. పాతది కాబట్టి కేసు నిలబడుతుందో లేదో చెప్పలేనంది ఎస్సై.

"నిలవడకున్నా కాయితం మీదికి రావాలె మేడం" అంది రమ.

ఫస్టు షిఫ్టు దిగి వచ్చేసరికే రఘుపతికి బాయి దగ్గరే సంగతంతా తెలిసిపోయింది. "నన్నొక్క మాట అడగకపోతివి" అన్నాడు.

"అడిగితే వద్దందువు."

మర్నాడు అతను డ్యూటీకి పోలేదు. బండి తీసుకుని గోదావరి దాటి రామకృష్ణాపూర్ వెళ్లి, మధ్యాహ్నానికి ఐలవ్వను ఎక్కించుకుని వచ్చాడు. డెబ్బై దాటిన ఐలవ్వ ఠాణాలో బల్ల అంచు పట్టుకుని నిలబడింది. "నా బిడ్డ ఆనాడే చెప్పింది మేడం. నేనే దాని నోరు మూసిన. గట్లనే రాసుకో" అని వేలిముద్ర వేసింది.

రమ తల్లిని కావలించుకోలేదు. కోపం అంత జల్దిగా పోయేది కాదు. బయటికొచ్చాక మాత్రం చౌరస్తాలో కూర్చోబెట్టి, సాసరులో పోసి చల్లార్చి, ఆమెకు చాయ్ తాగించింది.

నర్సింగాన్ని అరెస్టు చేశారు. కొన్నాళ్లకు బెయిలు మీద వచ్చి, ఊరు మార్చాడు. సంఘం ఆడవాళ్లు కొందరు రమ దగ్గర కుట్టించుకోవడం మానేశారు. మరికొందరు, కుట్టేందుకు ఏమీ లేకపోయినా వచ్చి కూర్చుంటున్నారు. కొందరు ఏదో చెబుతారు, కొందరు ఊరికే కూర్చుని లేచిపోతారు. రమ ఎవరినీ కదిలించదు.

మొన్న కోర్టులో సాక్ష్యం చెప్పడానికి రమను పిలిచారు. నర్సింగం వకీలు కళ్లద్దాల మీదుగా చూస్తూ అడిగాడు, "అయినోళ్లందరినీ వదిలి ఈ పిల్ల మీకే ఎందుకు చెప్పింది? మీరు నేర్పించారనేగా?"

"నేను అడగలే. అందుకు చెప్పింది" అంది రమ.

జడ్జి ఆ మాట రాయించాడు. వాయిదా పడింది. సంతోషి మంచిర్యాల కాలేజీలో ఇంటరు చదువుతోంది, తీర్పు ఇంకా రాలేదు.