రెండో సంతకం

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ముప్పయ్యేళ్ళు ఆసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేసి, ఇప్పుడు బందరులో ఒక వృద్ధాశ్రమంలో ఉంటున్నాను. ఆ రోజు నా పుస్తకంలో రాసుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

మా ఆశ్రమంలో రాత్రి వేసుకునే మాత్రలను పొద్దున్నే స్ట్రిప్పుల నుంచి తీసి చిన్న డబ్బాల్లో సర్దుతారు. డబ్బా మీద మనిషి పేరుండదు, మంచం నంబరుంటుంది. పేరు రాయమని మూడుసార్లు అర్జీ ఇచ్చాను. ఎవరూ పట్టించుకోలేదు. ఒకరు సర్దినదాన్ని మరొకరు సరిచూసి రిజిస్టరులో సంతకం చేయాలన్న నియమం మాత్రం ఉండేది. ఆ రెండో సంతకం, మాతోనే ఉండే రిటైర్డు నర్సు పద్మావతిగారిది. ఆవిడ పోయాక, మాత్రలు సర్దే లక్ష్మే వారం మొత్తానికీ ఆ సంతకాలు సోమవారమే పెట్టేసేది.

ఒక మంగళవారం కంటి పరీక్షకు గుడివాడ వెళ్ళాను. బయలుదేరే ముందు రిజిస్టరు చూశాను. ఆ రోజు పేజీలో లక్ష్మి సంతకాలు తప్ప ఏమీ లేవు. సాయంత్రం తిరిగొచ్చేసరికి లక్ష్మి ఎదురొచ్చింది.

"మీరు రాసింది చూసి సూరమ్మత్తకి మాత్రలు ఆపానండి, బాబాయిగారూ. ఆ ముక్క నోటితో చెప్పి వెళ్ళొచ్చు కదా, మీకన్నీ కాగితాలే."

నేనేమీ రాయలేదు. రిజిస్టరు తెరిస్తే, నాలుగో నంబరు ఎదురుగా ఎర్రసిరాతో ఉంది: "మంచం మారారు. ఆపండి."

సూరమ్మ గిలకలదిండిలో చేపలమ్మిన మనిషి. ఆమెకు షుగరు లేదు. పైగా జ్వరంతో నాలుగు రోజులుగా ముద్ద మింగడం లేదు. నేను గుడివాడలో ఉండగా, మధ్యాహ్నం, గాలి తగలడం లేదని పక్క మంచం ఆవిడతో చోటు మార్చుకుందట. ఆ పక్కావిడకు షుగరు. సూరమ్మ మారింది ఆవిడ నాలుగో నంబరు మంచం మీదికి, పొద్దున ఆ నంబరు డబ్బాలో సర్దినవి ఆవిడ మాత్రలు. ఖాళీ కడుపుతో వాటిని మింగి ఉంటే సూరమ్మ మర్నాడు లేచేది కాదేమో.

ఆ అక్షరాలను పాత పేజీలతో పోల్చాను. తలకట్లు ఎడమకు వాలి ఉన్నాయి. పద్మావతిగారు అలాగే రాసేవారు. ఆవిడ పోయి నెల దాటింది. నాకు భయం వేయలేదు. సంతోషమూ కలగలేదు. కాళ్ళు కడుక్కుని అన్నం తిన్నాను, రుచి తెలియలేదు.

మర్నాడు అందరినీ విడివిడిగా అడిగి జవాబులు రాసుకున్నాను. తాము రాయలేదనే అన్నారు. సూరమ్మ నవ్వింది. "నాకు అక్షరం ముక్క రాదు కదయ్యా, నన్నడుగుతావేంటి?"

ఆ రాత ఎవరిదో నాకిప్పటికీ అంతుపట్టలేదు. డబ్బాలు సరిచూడవలసిన ఆ పని బతికున్న మాలో ఒక్కరమూ చేయలేదన్నది మాత్రం తెలుసు.