పల్లవి కింద వదిన గొంతు

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున తిరుత్తణి నుంచి మా అన్న ఫోన్ చేశాడు. "పాపా, మీ వదిన లేదు" అన్నాడు. మూడు రోజుల జ్వరం, ఒక్క రోజు ఆసుపత్రి, అంతే. ఏడ్చాను. ఏడుస్తూ ఉండగానే, ఇక నాకు పోటీ లేదు అన్న ఆలోచన ఒకటి వచ్చిపోయింది. ఛీ, ఏం మనిషిని నేను! ఆమె పాడటం మానేసి ఏడేళ్లయినా నాలో ఆ కుళ్లు చావలేదు.

వదినది పొదటూరుపేట. మరమగ్గాల మధ్య పెరిగింది. ఆ మోతలో పక్కమనిషికి వినపడాలంటే గొంతు లేవాల్సిందే. మా ఇంటికొచ్చాక బియ్యం ఏరుతూ, బట్టలు ఆరేస్తూ పాడేది. రాగం పైకి పోయేచోట మాత్రం పని ఆపి, ఒక చెవి చేత్తో మూసుకునేది. నేను ఆరేళ్లు సంగీతం నేర్చుకున్నాను. ఆమె ఒక్కరోజు కూడా నేర్చుకోలేదు. "నీకిదంతా యాడినుంచి వచ్చింది వదినా?" అంటే, "యాడినుంచీ రాలేదు పాపా. ఊపిరి వదిలితే అదే పోతాది" అనేది. నాకు ఒళ్లు మండేది. నా ప్రోగ్రాం ఉన్న రోజు మిరియాలు నూరి పాలల్లో వేసి ఇచ్చేది కూడా ఆమే. తాగేదాన్ని, మండిపోతూనే తాగేదాన్ని.

అన్న, అతని ముగ్గురు స్నేహితులు, నేను కలిసి బ్యాండు పెట్టాం. మొదటి ఆల్బమ్‌కు తిరువళ్లూరులో, ఒక అంగడి మేడమీద ఉన్న చిన్న స్టూడియో కుదిరింది. వాయిద్యాలన్నీ ముందే రికార్డయ్యాయి, వాటిమీద నా గొంతు ఎక్కించాలి. ఆ రోజు అన్నకు ఫ్యాక్టరీలో డ్యూటీ. "ఒక్కదానివే పోవద్దు, మీ వదినను తోడు పిల్చుకపో" అన్నాడు. ఇద్దరం లోకల్ రైలెక్కి పోయాం. పాట తెలుగే, నా చేతిలో కాగితం మీద మాత్రం తమిళ అక్షరాలు. తమిళనాడు బళ్లలో చదివిన మాకు బాగా చదవొచ్చేది అవే.

పల్లవి చివర పైకి పోయేచోట నా గొంతు పగిలింది. పదకొండుసార్లు పాడాను, పదకొండుసార్లూ పగిలింది. "పరవాల్లేమా, ఇంకొక టేక్" అంటున్నాడు రికార్డింగ్ చేసే స్టూడియో అన్న. వెనక బెంచీ మీద కూర్చున్న వదిన ఆ చోటును తనలో తాను కూనిరాగంగా తీసింది. అతను విన్నాడు.

"అక్కా, మీరొకసారి మైకు ముందుకు రాండి. రెండు గొంతులూ కలిపి చూస్తాం."

"అయ్యో, నేనెందుకన్నా! పాపే పాడతాది" అని నావైపు చూసింది.

"పో వదినా" అన్నాను, పళ్లు బిగించి.

ఒక్క టేక్. అంతే. స్టూడియో అన్న కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. నన్ను బయటికి పంపి ఆమెతో రెండు మాటలు మాట్లాడాడు. ఆమె మొహం కడుక్కోను పోగానే నేను లోపలికెళ్లాను.

"నీ గొంతు కింద ఆయమ్మది పెడితే పాట లేచిపోతాదిమా" అన్నాడు.

"వద్దన్నా. మా అన్నకి ఇష్టముండదు."

"నువ్వు పాడతా ఉండావే?"

"నేను చెల్లెల్ని. ఆమె పెండ్లాం."

తడుముకోకుండా వచ్చేసింది ఆ అబద్ధం. మా పక్క, మొగుడికి ఇష్టం లేదంటే ఇక తిరిగి ఎవరూ అడగరు. అతనూ అడగలేదు. వదిన వచ్చాక మెల్లగా ఆమెకూ ఆ మాటే చెప్పాడు. "అట్లనా" అంది, అంతే. నాకోసం ఆ చోటును కిందికి దించి పాడించారు. రైల్లో "బాగా పాడినావు పాపా" అంది వదిన. ఆ రోజు తర్వాత ఆమె బట్టలు ఆరేస్తూ కూడా పాడలేదు. మిరియాల పాలు మాత్రం మానలేదు.

కర్మ అయిన మర్నాడు అన్న నన్ను పిలిచాడు. "ఎందుకు పాడటం మానేసిందో పాపా. అడిగితే ఊరికే నవ్వేసేది. ఆ పొద్దు స్టూడియోలో పాడిందంట గదా, పోయిందని తెలిసి స్టూడియో వాళ్లు ఫోన్ చేసి చెప్పినారు. ఆ రికార్డు తెచ్చిపెట్టు."

తిరువళ్లూరు పోయాను. వాయిద్యాలు లేకుండా వదిన గొంతొక్కటే వినిపించాడు స్టూడియో అన్న. పాట అయిపోయాక కూడా రికార్డు ఆగలేదు. అందులో ఆమె మాట ఉంది: "అన్నా, నాది పైకి పెట్టబాకండి. పాపదే వినపడాల. అది దాని పాట."

అంటే నేను ఆ అబద్ధం ఆడాల్సిన పనే లేదు. ఆమె అప్పటికే తప్పుకుంది. ఏడుపు వస్తుందనుకున్నాను, కోపం వచ్చింది. మంచితనంలోనూ నాకంటే పైనే ఉండాలా ఈమె!

అన్న వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. ఆ పాట ఎక్కించుకొచ్చిన ఫోన్ చేతికివ్వకముందే జరిగిందంతా చెప్పేశాను.

"ఏడేండ్లు... నాకిష్టం లేదనుకునిందా?" అన్నాడు.

ఫోన్ తీసుకుని ఇయర్‌ఫోన్లు రెండూ తన చెవుల్లోనే పెట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. వదిన ఎంత పైకి పోయిందో అన్న మొహంలో కనిపిస్తూ ఉంది. పక్కనే నిలబడ్డాను. నాకేమీ వినపడలేదు. ఒక చెవిదైనా ఇవ్వమని అడగలేకపోయాను.