ముద్దమందారం వేళ్ళు కోసిన వదినగారు

మా వదినగారు పోయారని పోయిన గురువారం పొద్దున్నే రేపల్లె నుంచి ఆవిడ కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. అప్పుడు నేను తెనాలిలో మా వాకిట్లో మందారానికి ఎండుకొమ్మలు కత్తిరిస్తున్నాను. కత్తెర అక్కడే పెట్టి రేపల్లె రైలెక్కాను. ఆవిడ నా భార్యకు అక్క. నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. ఆవిడ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చుంటే, ఆవిడ అన్న కఠినమైన మాటలే ముందు గుర్తొస్తున్నాయి. అవే రాస్తాను.

ఆ ముద్దమందారం నా భార్య బాపట్లలోని పుట్టింటి నుంచి కొమ్మ తెచ్చి నాటింది. వాళ్ళది ఇసుక నేల. పూజ చేసిన నీళ్ళు కాళ్ళ కింద పడకూడదని ఆ ఇంట్లో మందారం మొదట్లో పోసేవారు. పోసినవి పోసినట్టే ఇంకిపోయేవి. మా తెనాలి నల్లమట్టి అలా వదలదు. నా భార్యకు అది తెలుసు, ఉద్ధరిణెడు పోసి ఊరుకునేది.

మూడేళ్ళ క్రితం ఆమె కిడ్నీల జబ్బుతో పోయింది. తర్వాత రోజూ ఆమె ఫోటో ముందు చెంబుతో నీళ్ళు పెట్టి, అవి తెచ్చి మందారానికి పోసేవాణ్ణి. వానాకాలంలోనూ మానలేదు. ఆకులు వాలితే దాహమనుకుని రెండో చెంబు పోశాను. పసుపుపచ్చగా మారి రాలితే ఎరువు వేశాను. మొగ్గలు విచ్చకుండానే రాలిపోసాగాయి. అది పోతే ఆమె చేత్తో నాటింది ఇంకేమీ మిగలదు.

సంవత్సరీకానికి వచ్చిన వదినగారు కాళ్ళు కడుక్కోకముందే చెట్టు దగ్గర ఆగారు. మట్టిలో వేలు గుచ్చి వాసన చూశారు.

"రోజూ ఎన్ని పోస్తున్నావు?"

"రెండు చెంబులండి వదినగారూ. వాడిపోతుంటేనూ..."

"మునిగిపోయేవాడు చేతులెత్తితే దాహమనుకుంటావేంటయ్యా?"

గడ్డపార తెప్పించి చెట్టును నిలువునా పెకలించారు. నేను అడ్డుపడబోయి ఆగాను. ఒక వేరును రెండు వేళ్ళతో పట్టి లాగితే గోధుమరంగు తోలు జారి ఆవిడ చేతిలోకి వచ్చింది, లోపల దారంలాంటి ఈనె మిగిలింది. మురుగు కాలవ వాసన వచ్చింది. "ఆకు అబద్ధం చెబుతుంది. వేరు చెప్పదు," అన్నారు.

భోజనాలకు వచ్చినవాళ్ళంతా వరండాలో ఉన్నారు. అందరూ వింటుండగా ఆవిడ తల ఎత్తకుండా అన్న మాట ఇది:

"మా చెల్లినీ ఇట్టాగే చూశావు. అడిగినప్పుడల్లా నీళ్ళిచ్చావు."

నిజమే. కిడ్నీలు నీళ్ళు బయటికి పంపలేవు కాబట్టి రోజుకు ఇంతకు మించి తాగకూడదని డాక్టరు కొలత చెప్పాడు. తాగిందంతా పుస్తకంలో రాసేవాణ్ణి. ఆమె చెయ్యి పట్టుకుని బతిమాలినప్పుడు ఇచ్చినవి మాత్రం రాయలేదు. ఆ సంగతి ఆమే అక్కకు చెప్పి ఉంటుంది. వదినగారు నా జవాబు కోసం ఆగలేదు. కత్తెర అడిగారు.

కుళ్ళిన వేరు కోసిన ప్రతిసారీ కత్తెరను డెటాల్ గుడ్డతో తుడిచారు. తెల్లగా, గట్టిగా ఉన్న వేళ్ళు నాలుగే మిగిలాయి. తర్వాత పైకొమ్మలు, మొగ్గలతో సహా కోసేశారు. ఆ రెండు మొగ్గలైనా ఉంచమన్నాను. "నాలుగు వేళ్ళు అంత బరువు మొయ్యాలా? నీ ముచ్చట కోసమా?" అన్నారు. మిగిలిన మోడును కుళ్ళు ఆపే రాగి మందు కలిపిన నీళ్ళలో ముంచి, సగం ఇసుక కలిపిన మట్టితో కుండీలో పెట్టి, నీడకు జరిపించారు. ఎరువు వద్దన్నారు. పైమట్టి వేలి రెండు కణుపుల లోతు ఎండేదాకా చుక్క పోయొద్దన్నారు.

తర్వాత రోజూ సాయంత్రం ఫోన్ చేసేవారు. పలకరింపు ఉండేది కాదు.

"పోశావా?"

"లేదండి."

పెట్టేసేవారు. ఒకరోజు జాలేసి కొద్దిగా పోశానన్నాను. "జాలి చేతికి చెంబివ్వకూడదు," అన్నారు. నెల దాటాక కణుపు దగ్గర బియ్యపుగింజంత చిగురు కనపడింది. చెబితే "ఇప్పుడే సంబరపడకు," అన్నారు. ఇప్పుడు మా వీధిలో ఎవరి మందారం వాడినా నన్ను పిలుస్తారు. ముందు చెంబు దాచమని చెబుతాను. ఆ మాట ఆవిడదే.

ఈ వేసవిలో ఆవిడకూ అదే జబ్బు బయటపడింది. వాళ్ళ రక్తంలోనే ఉందన్నారు. డయాలసిస్‌కు తెనాలి వచ్చేవారు. కొడుక్కి సెలవు దొరకనప్పుడు పక్కన నేను కూర్చునేవాణ్ణి. పోవడానికి రెండు రోజుల ముందు, మంగళవారం, ఆవిడ నీళ్ళ వంతు మధ్యాహ్నానికే అయిపోయింది.

"ఒక్క గుక్క ఇవ్వయ్యా," అన్నారు. ఆవిడ నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

"ఇవాళ్టికి అయిపోయిందండి వదినగారూ."

"పోయేదాన్ని. నాకింకా కొలతలెందుకు?"

నేను తడిగుడ్డతో పెదాలు అద్దబోతే తల తిప్పేసుకున్నారు. గోడను చూస్తూ, "మా చెల్లి అదృష్టవంతురాలు. నువ్వు అప్పటికింకా నేర్చుకోలేదు," అన్నారు.

స్టూలు మీద ఫ్రిజ్‌లోంచి తెచ్చిన నా నీళ్ళ సీసా ఉంది. ఆవిడ చెయ్యి చాచి దాన్ని తీసుకున్నారు. నేను లేవలేదు. ఆవిడ మూత తీయలేదు. సీసా బయట పట్టిన చెమ్మకు పెదాలు ఆనించి, కళ్ళు మూసుకుని, దాన్ని మెల్లగా తిప్పుకుంటూ ఉండిపోయారు.