నగరి మగ్గం కథలో కండెలు చుట్టేదెవరు?

నేను రాసేవి రాజుల కాలపు ప్రేమకథలు. వాటిలో ఎవరో ఒకరు చనిపోతారు, చనిపోయాక కూడా ప్రేమించడం మానరు. రాబోయే పుస్తకంలోని చివరి కథ మాత్రం పూర్తిగా నాది కాదు. తిరుపతిలో చదువుకునే రోజుల్లో హాస్టల్ స్నేహితురాలు రుక్మిణి తన ఇంటి కథగా చెప్పింది. చంద్రగిరి కోటలో రాణివాసానికి పూలు కట్టే అమ్మాయి, నగరిలో వాళ్ళ పూర్వీకుడైన ఒక నేతగాడు. పెళ్ళిచీర మగ్గం మీద ఉండగానే అమ్మాయి జ్వరంతో పోయింది. ఆ చీర పూర్తికాకుండానే అతనూ పోయాడు. నేతవాళ్ళు అమావాస్య నాడు మగ్గంలో కూర్చోరు. ఆ ఇంట్లో మాత్రం ఆ రోజు కూడా మగ్గం చప్పుడు వినబడుతుందట.

నా కథలో అతను ఆమె కోసం ఎదురుచూస్తూ వందల ఏళ్ళుగా ఒక్కడే నేస్తుంటాడు. ప్రచురణకర్తకు ఆ ఒంటరితనమే నచ్చింది. అచ్చుకు పంపే ముందు నాకు గుబులు మొదలైంది. ఇంటివాళ్ళను అడగకుండా వాళ్ళ పెద్దాయనను దయ్యంగా చూపించవచ్చా? రుక్మిణికి ఫోన్ చేస్తే, "నాదేముంది, మా అమ్మ సరేనంటే సరే. ఈ అమావాస్యకు రా" అంది. వద్దంటే కథ తీసేయాలని నిర్ణయించుకున్నాను. బయల్దేరక ముందు అలా అనుకోవడం తేలికే.

తిరుపతి బస్టాండులో ఉదయం ఏడున్నరకు పుత్తూరు మీదుగా వెళ్ళే ఎక్స్‌ప్రెస్ దొరికింది. ఆధార్ చూపిస్తే మన రాష్ట్రం ఆడవాళ్ళకు టికెట్ ఉచితం. కండక్టర్ కార్డునూ నన్నూ మార్చి మార్చి చూశాడు.

"ఈ ఫోటోలో ఉండేది నువ్వేనా తల్లీ?"

"పదేళ్ళ కిందటి నేను."

"ఆమెకైతే ఉచితమే. నీ సంగతే ఆలోచిస్తాండా" అంటూ సున్నా టికెట్ చేతిలో పెట్టాడు. బస్సంతా నవ్వింది.

రెండు గంటల ప్రయాణం పూర్తికాకముందే నగరిలో దిగాను. ఆటోకు యాభై రూపాయలు. రుక్మిణి వాళ్ళమ్మ కనకమ్మగారి ఇల్లు అనగానే డ్రైవర్ వెనక్కి తిరిగాడు.

"మగ్గం ఇంటికా అక్కా? ఆడికి పోయి దయ్యం గియ్యం అనొద్దు, ఆయమ్మ తిడతాది. పెండ్లికి ముందు జనాలు ఆ మగ్గానికి మొక్కేసి వస్తారు. మా అన్న కూడా నిఖాకు ముందు పోయి సలాం చెప్పొచ్చినాడు."

"మీవాళ్ళు కూడా వెళ్తారా?"

"పెండ్లి అందరికీ ఒకటేగా అక్కా, భయమూ ఒకటే!"

వీధి పొడవునా పవర్‌లూమ్‌ల టకటక. వాటికి అమావాస్య పట్టదు. రుక్మిణి గుమ్మంలోనే కావలించుకుంది. పెళ్ళయినా అదే వీధిలో ఉంటోంది. ముందుగదిలో గుంట మగ్గం మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంది. పోయిన ఏడాది వాళ్ళ నాన్న చనిపోయాక దాంట్లో ఎవరూ కూర్చోలేదు. కనకమ్మగారు మగ్గానికి సాంబ్రాణి పొగ వేసి, నాకు సంగటి, ఊరిబిండి పచ్చడి పెట్టి, తినేదాకా కథ ఊసే ఎత్తనివ్వలేదు.

తర్వాత ఫోన్‌లోంచి చదివి వినిపించాను. ఆమె మధ్యమధ్యలో అడ్డు తగులుతూనే ఉన్నారు.

"ఆ పిల్ల అంత అందంగా ఉండిందని నీకెట్ల తెలుసు పాపా? సూసినావా?"

"మా, ఊరికే ఉండు. కథమ్మా అది" అని రుక్మిణి విసుక్కుంది.

"కథైతే మాత్రం? పూలు కట్టే పిల్లకు పట్టుచీర యాడిది? నూలుచీరే."

చివరికొచ్చేసరికి ఆమె ముఖంలో నవ్వు పోయింది. మగ్గం వైపు చూసి అడిగారు.

"ఒక్కడే నేస్తాండాడా? మరి కండెలెవరు సుట్టిస్తారు?"

మగ్గం మీద అటూ ఇటూ పరిగెత్తే నాడెలో పెట్టే నూలుకండె అయిపోతుంటుంది. నేసే మనిషి నేస్తుంటే పక్కన ఇంకొకరు రాట్నం మీద కండెలు చుట్టి అందిస్తుండాలి. నలభై ఏళ్ళు ఈ గదిలో ఆ పని ఆమెదే.

"ఆ పిల్ల పోయినంక ఈ ఇంటికే వచ్చింది పాపా. అందుకే మగ్గం ఆగలేదు. కొత్తజంటలు ఈడికొచ్చేది ఆ ఇద్దరి కోసం. ఒంటి మొగోడి కోసం ఎవురొస్తారు?" తర్వాత గొంతు తగ్గించి కూతురితో అన్నారు. "నేను పొయ్యేదాకా మీ నాయనకు కూడా ఆ పిల్లే రెండు కండెలు సుట్టిస్తాదని నేను దిగులు లేకుండా ఉండా. ఈయమ్మ ఆ పిల్ల రానే రాలేదంటాది. అట్లయితే మీ నాయన ఆడ ఉత్త నాడె పట్టుకోని కూసోనుండాడా?"

రుక్మిణి తల తిప్పుకుంది. అంతలో కరెంటు పోయింది. వీధిలోని మరమగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. కనకమ్మగారు వేలెత్తారు.

"ఇనండి. నాడె పోతా ఉండాది. దాని ఎనకాలే రాట్నం."

నేను ఊపిరి బిగబట్టి విన్నాను. పక్కింటి కుక్కర్ కూత, పైన ఆగిపోతున్న ఫ్యాను. అంతే. అబద్ధం చెప్పడం ఎంత సులువో అనిపించింది గానీ నోరు రాలేదు.

"నాకు వినబడలేదమ్మా."

"పోనీలే, కొత్తదానివి" అన్నారామె, నాకే ధైర్యం చెబుతున్నట్టు.

"ఆ అమ్మాయిని కథలోకి తీసుకొస్తే అచ్చు వేసుకోవచ్చా?"

"ముందు తీసుకురా. మళ్ళా వచ్చి సదివి ఇనిపీ. అప్పుడు సెప్తా."

నగరి వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. నేతవాళ్ళతో తీరిగ్గా మాట్లాడాలంటే అమావాస్య నాడు వెళ్ళండి. మిగతా రోజుల్లో మన మాటలకు వాళ్ళ పని ఆగిపోతుంది. అయితే ఆ రోజు చేనేత మగ్గం నడవడం చూడలేరు. రెండూ కావాలంటే నాలాగే రెండుసార్లు వెళ్ళాలి.

తిరుగు బస్సులో ప్రచురణకర్తకు ఫోన్ చేసి ముగింపు మారుస్తానన్నాను. "ఆ అమ్మాయి వచ్చేస్తే కథలో భయం పోతుంది కదండీ" అన్నారు. పోతుందేమో. మంచి ముగింపును చెడగొట్టానా అని ఇప్పటికీ అనుమానమే. దయ్యాలున్నాయని నేను నమ్ముతానో లేదో కూడా తేల్చుకోలేదు. కానీ చివరి పేజీ మళ్ళీ రాశాను. పూలు కట్టే అమ్మాయి వచ్చి రాట్నం ముందు కూర్చుంది. ఆమె పక్కన కండెల బుట్టలు రెండు పెట్టాను. రెండోది ఎవరికోసమో కథలో చెప్పలేదు. వచ్చే అమావాస్యకు చదివి వినిపించినప్పుడు కనకమ్మగారికి తెలిస్తే చాలు.