ఫిలడెల్ఫియా ఆరో స్థానానికి దిగిన ఏడాది

నేను ఆయన్ని మొదటిసారి సరిగ్గా గమనించింది, ఆయన క్లాసులో తప్పు చెప్పిన రోజున. వరంగల్‌లో భూగోళశాస్త్రం ఎంఏ చదువుతున్నాం. సెమినార్‌లో ఆయనకు అమెరికా నగరాల అంశం వచ్చింది. లైబ్రరీలో దొరికిన పాత పుస్తకం చూసుకుని, జనాభాలో మొదటి పది నగరాల పేర్లు బోర్డు మీద వరసగా రాశారు. మూడోది ఫిలడెల్ఫియా, ఐదోది డెట్రాయిట్, ఎనిమిదోది సెయింట్ లూయిస్.

నాకు నోరు ఆగలేదు. "ఆ పుస్తకం మనం పుట్టకముందుది. సెయింట్ లూయిస్ ఇప్పుడు పదిలో కాదు, ఇరవైలో కూడా లేదు" అన్నాను.

క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు, సిగ్గుపడనూ లేదు. చేతిలో సుద్దముక్క అలాగే పట్టుకుని నా వైపు తిరిగి, "మరి గంత మంది ఏడికి పోయిన్రు?" అని అడిగారు.

ఆ జవాబు కోసం మర్నాడు లైబ్రరీలో ఇద్దరం కూర్చుని వెతికాం. ఫ్యాక్టరీలు మూతపడి కొందరు పనుల కోసం దక్షిణానికి, పడమరకు వెళ్లారు. చాలామంది దూరం కూడా పోలేదు, నగరం సరిహద్దు గీత దాటి పక్కనే ఇళ్లు కట్టుకున్నారు. లెక్కలో మాత్రం ఊరు చిక్కిపోయింది. "మా ఊరోళ్లు గీత కాడ ఆగలే. బొంబాయి దాక పోయిన్రు" అన్నారు ఆయన.

ఆయనది మరిపెడ దగ్గర మెట్ట ఊరు. బావులు ఎండిపోయి, బతకలేక ఊరు ఖాళీ అవుతుంటే చూస్తూ పెరిగారు. నాది వరంగల్‌లో చర్చి పక్కన ఇల్లు. ఆ లైబ్రరీ బల్ల దగ్గర మొదలైన మాటలు పెళ్లి దాకా వచ్చాయి. మతం వేరని మా అమ్మ ఏడ్చింది. ఆయన వైపు వాళ్లు కోపంతో రాలేదు, వాళ్ల అన్న ఒక్కరే భుజాన పెసర్ల సంచితో బస్సు దిగి వచ్చి సాక్షి సంతకం పెట్టారు. క్లాస్‌మేట్లం కాబట్టి ఇంట్లో ఇద్దరం నువ్వు అనే పిలుచుకునేవాళ్లం. ఆ అన్న వచ్చినప్పుడు మాత్రం నేను 'మీరు' అనేదాన్ని. అది విని ఆయన ముసిముసిగా నవ్వేవారు.

ఆయన జూనియర్ కాలేజీలో, నేను డిగ్రీ కాలేజీలో అదే సబ్జెక్టు చెప్పాం. హన్మకొండలో చిన్న ఇల్లు. పిల్లలు కలగలేదు. ఆ దుఃఖం ఇద్దరికీ ఉండేది కానీ, ఎక్కువగా మాట్లాడుకోలేదు. మాట్లాడుకోవడానికి మాకు వేరే సంగతులుండేవి. అందులో ఒకటి ఈ అమెరికా ఊళ్ల వరస. అక్కడ పదేళ్లకోసారి జనాభా లెక్కలు వస్తాయి. వచ్చినప్పుడల్లా వరస మారుతుంది. వేరే ఇళ్లలో క్రికెట్ ఎట్లాగో మా ఇంట్లో ఇది అట్లాగ.

నాది ఫిలడెల్ఫియా. ఆ పేరుకు సహోదర ప్రేమ అని అర్థమని ఆదివారం బడిలో నేర్చుకున్నాను. ఒకప్పుడు మూడో స్థానంలో ఉండి మెల్లమెల్లగా దిగుతున్న ఆ ఊరంటే నాకెందుకో జాలి. ఆయనది ఫీనిక్స్. ఎడారిలో ఉన్న ఊరు. "వాన లేని జాగల ఊరు పెరుగుతాంది చూసినవా?" అనేవారు, ఏదో తన పొలంలో పైరు ఏపుగా పెరిగినట్టు. రెండు వేల సంవత్సరం లెక్కల్లో అది తొమ్మిది నుంచి ఆరుకు ఎక్కింది. ఫిలడెల్ఫియా ఐదులో ఉంది. ఇంకొక్క మెట్టే.

మధ్యలో ఓ ఏడాది, ఫీనిక్స్ ఐదుకు వచ్చేసిందని అక్కడి అంచనాలు చెప్పాయి. ఆ సాయంత్రం ఆయన జిలేబీ పొట్లంతో ఇంటికొచ్చారు. కానీ పదేళ్ల అసలు లెక్క వచ్చేసరికి ఫిలడెల్ఫియా ఐదులోనే ఉంది. జిలేబీ గుర్తుచేసి వారమంతా ఏడిపించాను. ఆయన ఒప్పుకున్నారు గానీ ఓడినట్టు లేదు. "పదేండ్లు ఆగు. నా ఊరిని ఆపుడు నీ ఊరితోని కాదు" అన్నారు. పదేళ్లంటే అప్పుడు మాకు పెద్ద విషయంగా అనిపించలేదు. ఉద్యోగాలున్నాయి, ఆరోగ్యం ఉంది. అవి గడుస్తాయని, గడిచాక ఇద్దరం ఇదే వరండాలో ఉంటామని అనుకున్నాం.

పదేళ్లు గడిచాయి. కరోనా వచ్చి, ఆ లెక్కలు కూడా ఆలస్యమయ్యాయి. మామూలుగా అయితే మార్చి నెలాఖరుకల్లా ఊళ్ల సంఖ్యలు రావాలి. రాలేదు. ఏప్రిల్ చివర్లో రాష్ట్రాల లెక్క మాత్రం ఇచ్చారు. అప్పటికే ఆయనకు దగ్గు మొదలైంది. వరండాలో కూర్చుని ఫోన్‌లో అది చూసి, "రాష్ట్రాలు ఎవనిక్కావాలె" అని విసుక్కున్నారు. రెండు రోజులకు జ్వరం, తర్వాత ఆయాసం. దవాఖానలో మంచం దొరకడానికి ఆయన పాత విద్యార్థులు ఎక్కడెక్కడికో ఫోన్లు చేశారు. దొరికింది. నన్ను లోపలికి రానివ్వలేదు.

ఫోన్‌లో మాట్లాడేవారు. మాట కంటే ఊపిరి చప్పుడే ఎక్కువ వినిపించేది. చివరిసారి మాట్లాడినప్పుడు, తిన్నావా అని అడిగి, కాసేపాగి, "లెక్కొచ్చిందా?" అన్నారు.

"ఊర్లయి ఇంకా రాలే. ఆగస్టుల ఇస్తరట."

"ఆగస్టా..." అని మళ్లీ ఆగారు. "సరే. ఇంటికొచ్చినంక చూద్దాం. ఫికర్ చెయ్యకు."

ఆయన ఇంటికి రాలేదు. మే నెల ఎండలో, శ్మశానం గేటు బయట నేనూ, వాళ్ల అన్నా దూరదూరంగా నిలబడ్డాం. ఒళ్లంతా తెల్లటి తొడుగులు వేసుకున్న వాళ్లు అంతా చేశారు. వాళ్లలో ఎవరో ఒకరు వెనక్కి తిరిగి మాకు చేతులు జోడించారు. ఆ మనిషి ముఖం కూడా చూడలేదు నేను.

ఆగస్టులో ఓ పొద్దున ఆన్‌లైన్ క్లాసు కోసం ఫోన్ తెరిస్తే ఆ వార్త కనిపించింది. ఫీనిక్స్ ఐదు. ఫిలడెల్ఫియా ఆరు. "ఏయ్, గెలిచినవ్!" అని వరండా వైపు గట్టిగానే అన్నాను. అన్నాక గుర్తొచ్చింది. క్లాసులో పిల్లలు ఎదురుచూస్తున్నారు. పాఠం చెప్పాను. ఏం చెప్పానో తెలియదు.

ఆ వారం ఎవరితోనూ చెప్పలేకపోయాను. ఓదార్చడానికి వచ్చేవాళ్లతో ఏమని చెప్పాలి, మా ఆయన ఫీనిక్స్ గెలిచిందనా? మన దేశంలో ఆ ఏడాది జరగాల్సిన లెక్కలే జరగలేదు. ఆఖరిసారి లెక్కపెట్టినప్పుడు మా ఇంట్లో ఇద్దరం, కాగితం మీద ఇప్పటికీ ఇద్దరమే. ఆ ఆలోచన వచ్చినప్పుడు కాసేపు ఊరటగా, మరి కాసేపటికి భరించలేనట్టుగా ఉండేది.

ఆదివారం చర్చికి పోకుండా మరిపెడ బస్సెక్కాను. ఆయన అన్న పత్తి చేనులో కలుపు తీయిస్తున్నారు. నన్ను చూసి గట్టు మీదికి వచ్చారు.

"ఏమైంది బిడ్డా? ఒక్కదానివే వచ్చినవ్?"

"బావా, మీ తమ్ముడు గెలిచిండు" అన్నాను.

బావ నా ముఖంలోకి చూశారు. నాకు మతి చెదిరిందనుకున్నారేమో, మెల్లగా చెయ్యి పట్టుకుని గట్టు మీద కూర్చోబెట్టారు. నీళ్ల సీసా ఇచ్చారు. అప్పుడు మొత్తం చెప్పాను. సెమినార్, లైబ్రరీ, రెండు ఊళ్లు, జిలేబీ, ఆగస్టు. మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాకుండా విన్నారు.

"ఎడారి అంటాన్నవ్. గంతమందికి నీళ్లెట్ల మరి?"

"చాన దూరం నుంచి కాలువ తవ్వి తెచ్చుకున్నరు బావా. నది నీళ్లు."

"మనకు గిట్ల కాలువ అప్పుడే వచ్చుంటే ఆడు ఈడ్నే ఉండేటోడు." భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నారు. కాసేపటికి, "నీ ఊరేమైంది? అది ఖరాబైందా?" అని అడిగారు.

"లేదు, అది గూడ పెరిగింది. కాకపోతే తక్కువ పెరిగింది."

"మరి మంచిదే గదా. రెండూ బతికే ఉన్నయి."

ఆ మాట ఆయన ఓదార్పుగానే అన్నారు. మే నెల నుంచి నేను సరిగ్గా ఏడవలేదు. ఆ గట్టు మీద, కలుపు తీసే ఆడవాళ్లు పని ఆపి చూస్తుండగా, వెక్కివెక్కి ఏడ్చాను. బావ వారించలేదు. ఎండ నా మీద పడకుండా అటు జరిగి నిలబడ్డారు. ఏడుపు ఆగాక, "పా బిడ్డా, బువ్వ తిందువు" అని ఇంటి దారి పట్టారు. నేను ఆయన వెనకే నడిచాను.