కాశీలో వదిలిన పంపరపనస

మా ముత్తాత రత్తయ్య గారు, ఆయన తర్వాత మా తాత కోటయ్య గారు, అమృతలూరు పక్కన మా ఊరికి మునసబులు. ఊరి రథం తాడు మీద ముందు మా ఇంటివాళ్ళ చెయ్యి పడాలి, ఆ తర్వాతే మిగతా ఊరు పట్టుకోవాలి. రేపల్లె పక్కన నగరం అనే ఊరి నుంచి బాపట్ల దాకా ఎక్కడ గట్టు తగాదా తెగకపోయినా తాత కోసం బండి వచ్చేది. ఆయన వెళ్ళి, చేను ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడిచి, చేతికర్ర గుచ్చిన చోట రాయి పాతేవారు. గొప్ప కోసం చెప్పడం లేదు. తాత ఎలాంటి మనిషో తెలియకపోతే కాశీలో జరిగింది అర్థం కాదు.

తెనాలిలో నేను అద్దెకుంటున్న ఇంటివారి అమ్మాయి మొన్న కాశీ వెళ్ళొచ్చి నా ముంజేతికి ఒక నల్లదారం కట్టింది. అక్కడ ఫోనులోనే గైడును మాట్లాడుకున్నారట, మూడు గంటల్లో గుళ్ళన్నీ చూపించి పడవ ఎక్కించి పంపేశాడట. ఆమె చెబుతూనే ఉంది, నేను మాత్రం వినడం మానేశాను. దారానికి ఆవనూనె వాసన ఇంకా పోలేదు. ఆ వాసన నాకు తొమ్మిదేళ్ళప్పుడే తెలుసు. తడిసిన రాతిమెట్లు, పేడ, కట్టెల పొగ, వాడిన బంతిపూలు అన్నిటి కిందా అదే ఉండేది.

ఆ ఏడు నూర్పిళ్ళు అయ్యాక తాత, నాయనమ్మ కాశీకి బయలుదేరారు. మినుము చేలో పనులుండి నాన్న ఆగిపోతే ఆ చోటు నాకు దక్కింది. వారం రోజులు ఇల్లంతా బెల్లం పాకం, వేగిన నువ్వుల వాసన. అరిసెలు ఒక డబ్బా, చెక్కలు ఒక డబ్బా, గుడ్డ కట్టిన జాడీలో గోంగూర పచ్చడి, ఉత్తరాది బియ్యం ఒంటికి పడవని మా చేలో పండినవే ఒక మూట. తెనాలిలో రైలెక్కాక కిటికీ పక్కన కూర్చుని బొగ్గు నలుసులు కళ్ళలో పడుతున్నా తల లోపలికి తీయలేదు.

కాశీలో మాకు ఊరు చూపించడానికి కుదిరినాయన గంగాధర శాస్త్రి గారు. సన్నటి మనిషి, పంచె మీద ఉన్ని కోటు, చెవులు మూసే టోపీ. ఆయన ముత్తాత రేపల్లె నుంచి వచ్చి అక్కడే ఉండిపోయాడట. ఆయన మాత్రం రేపల్లె ఎప్పుడూ చూడలేదు. మా నాయనమ్మ కూడా వాడని పాత తెలుగు మాటలు, వాటి మధ్యలో హిందీ, ఆయన నోట కలిసి వచ్చేవి.

మొదటి రోజే చిక్కొచ్చింది. ఆ సందుల్లో ఇద్దరు పక్కపక్కన నడవలేరు. ఆవు ఎదురొస్తే మనిషి గోడకు అంటుకోవాలి. దారి చూపేవాడు ముందుండాలి. తాత పుట్టి బుద్ధెరిగాక ఒకరి వెనక నడవలేదు. కండువా సర్దుకుని, కర్ర టకటకలాడిస్తూ ఆయనే ముందు నడిచారు, రెండు మలుపులు తిరిగేసరికి ఎవరి పెరట్లోనో తేలాం. బట్టలుతుకుతున్న ఇల్లాలు ముసుగు లాక్కుంది. శాస్త్రి గారు మారుమాట అనకుండా ఆ పూట నుంచి తాత వెనకే నడుస్తూ, "ఎడమకండి, అయ్యగారూ. మెట్టుందండి. ఇక కుడికి" అంటూ మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటే, ఆవిడ వైపు వంగి, "గుంటూరు జిల్లా వాళ్ళను వెనక నుంచే తోలాలమ్మా" అన్నారు. అలా అయిదు రోజులు తాతే మాకు కాశీ చూపించారు.

నేను శాస్త్రి గారి చెయ్యి పట్టుకుని నడిచేవాణ్ణి. గుళ్ళ గురించి ఆయన నాకు చెప్పినదానికంటే మా వైపు గురించి నన్ను అడిగిందే ఎక్కువ. రేపల్లెలో రైలు ఆగిపోతుందట కదా, ఆ తర్వాత ఏముంటుంది అని అడిగారు. కృష్ణ ఉంటుందని చెప్పాను. మట్టి ముంతలో పొగలు కక్కే పాలు తాగిస్తూ, మీ దొడ్లో ఏమేం చెట్లున్నాయని అడిగారు. అప్పుడు మా పంపరపనస గురించి చెప్పాను. బావి పక్కన చెట్టు; కాయ నా తలంత; లోపల గులాబీ రంగు తొనలు; కార్తీకంలో తాత వసారాలో కూర్చుని, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తానే మందపు తొక్క కోసి, తెల్ల పొర ఒలిచి, మొదటి తొన నా నోట్లో పెడతారు, రెండోది తాను తింటారు. తహసీల్దారు గారింటికి కూడా ఆ కాయలే పంపేవాళ్ళం. శాస్త్రి గారు అడుగడుగునా ఆగి వింటూ, తీపి ఎంత, పులుపు ఎంత అని అడిగారు.

చివరి రోజు పొద్దున్నే కేదార ఘాటులో స్నానాలు చేశాం. మంచులో అవతలి ఒడ్డు కనబడలేదు. మెట్ల మీద వణుకుతూ నిలబడితే, ఇక్కడ ఒక కాయో పండో వదలాలని, ఇక ఈ జన్మలో మళ్ళీ దాన్ని తినకూడదని, ఇష్టమైనదైతేనే వదిలినట్టని శాస్త్రి గారు చెప్పారు. నాయనమ్మ పొట్లకాయ వదిలింది. ఆవిడకు అది ఎప్పుడూ సరిపడదు. శాస్త్రి గారు నవ్వారు. "మన వైపు వాళ్ళంతా పొట్లకాయో కాకరకాయో వదిలి పోతారమ్మా. గంగమ్మకు పాపం ఇంకో రుచే తెలీదు."

నాయనమ్మ కూడా నవ్వింది. తాత నవ్వలేదు. ఆయన మెడ నిటారుగా అయింది. నా భుజం మీద చెయ్యి వేశారు.

"మా ఇంట్లో పిల్లాడు కూడా పనికిరానిది ఇవ్వడండి. చెప్పరా, నీకు అన్నిటికంటే ఇష్టమైన పండేంటి?"

నన్నేం అడుగుతున్నారో నాకు తెలుసు. రేగుపండని చెప్పొచ్చని కూడా తెలుసు. కానీ శాస్త్రి గారి ఎదుట చిన్నది చెబితే తాత చిన్నబోతారు. పంపరపనస అన్నాను.

శాస్త్రి గారి మొహం మారిపోయింది. "పిల్లలకు ఈ నియమం లేదండి, అయ్యగారూ. పెద్దయ్యాక వస్తాడులెండి" అన్నారు. నాయనమ్మ తాత కండువా పట్టి లాగింది. తాత నా వైపు చాలాసేపు చూశారు. వద్దంటారనే అనుకున్నాను.

"మాట బయటికొచ్చేసింది" అని, నా దోసిట్లో నీళ్ళు పోశారు. ఆ తర్వాత తానూ దోసెడు నీళ్ళు తీసుకుని ఏదో గొణిగి వదిలారు. ఏం వదిలారని నాయనమ్మ అడిగితే చెప్పలేదు.

కార్తీకం వచ్చింది. తాత వసారాలో కూర్చుని ఎప్పటిలాగే కాయలు కోశారు. మేనత్త పిల్లలు రసం మోచేతుల దాకా కారుతుంటే తింటున్నారు. ఎవరు చూస్తారు, ఒక్క తొన తినరా అంది అత్త. నేను వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాను. నోట్లో ఊరే నీళ్ళు మింగుతూ కూర్చున్నాను. నాయనమ్మ ఒక తొన తాతకు అందిస్తే, "పళ్ళు పులుస్తున్నాయే" అన్నారు. మరుసటి ఏడూ అదే మాట. మూడో ఏడు ఆవిడ అందించలేదు.

తాత పోయాక మొదటి సంవత్సరీకం కార్తీకంలోనే వచ్చింది. ఆయనకు ఇష్టమైనవన్నీ పటం ముందు ఆకులో వడ్డిస్తూ అత్త నాలుగు పంపరపనస తొనలు పెట్టింది. నాయనమ్మ వంగి వాటిని తీసేసింది.

"అవి పెట్టకే. వీడితో పాటు ఆయనా కాశీలో వదిలేశారు."

నేను దొడ్లోకి వెళ్ళి బావి గట్టు మీద కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు.

తర్వాత మునసబీలు పోయాయి. నాన్న రేపల్లె దిగువన రొయ్యల చెరువులు తవ్వించారు, తెగులొచ్చి చెరువులతో పాటు చేలూ పోయాయి. చివరకు ఇల్లు, దాని వెనక దొడ్డి మిగిలాయి. ఇల్లు నాన్నే అమ్మారు. దొడ్డి అమ్మడం నా వంతుకొచ్చింది. కొన్నాయన తెనాలిలో ఇత్తడి సామాన్ల వ్యాపారి, ఖాదర్ గారు, మర్యాదస్థుడు. సంతకాలయ్యాక నాతో పాటు రిజిస్ట్రారు ఆఫీసు మెట్లు దిగుతూ, చెట్టు నిండా కాయలున్నాయని, ఈ ఏటివి మీవేనని, కోయించి ఇంటికి పంపుతానని అన్నారు. అక్కర్లేదన్నాను.

"తియ్యగా ఉంటాయాండి?" అని అడిగారు.

తీపిని గుర్తు తెచ్చుకోవాలని చూశాను. తొక్క వాసన వచ్చింది, తాత వేళ్ళు కనబడ్డాయి, రుచి మాత్రం రాలేదు.

"మా ఇంట్లో అందరూ అలాగే అనేవారండి" అన్నాను.

ముప్పై సెంట్ల దొడ్డి, బావి, పశువుల కొట్టం, చెట్టు, అన్నీ కలిపే అమ్మాను.